నాలుగు చుక్కల గుర్తు

కంప్యూటరునకు పనులు చెప్పుటకై యేర్పడిన భాషలలో జావా యొకటి. అది 1995వ సంవత్సరమున లోకమునకు వెల్లడియైనది. మా పైతరగతి విద్యార్థులు కొందఱు దానిని నేర్చుచున్నారు గనుక, అందలి యొక చిన్న గుర్తును గూర్చి యిచట వివరింపఁదలఁచితిమి.

పనిని చేయించుట వేఱు, పనిని అప్పగించుట వేఱు. "గంట కొట్టుము" అనిన వెంటనే గంట మ్రోగును. "వేళ యైనపుడు గంట కొట్టు పని నీది" అని బంట్రోతుతోఁ జెప్పినచో ఇప్పుడేమియు మ్రోగదు. పని పేరు మాత్రమే చేతులు మాఱును. జావాలో నొక క్లాసునకుఁ జెందిన పనిని మెథడ్ అందురు. దానిని చేయింపవలెనన్న పేరు చివరఁ గుండలీకరణము లుంచవలెను. చేయింపక పేరు మాత్రమే యప్పగించుట యెట్లు? 2014వ సంవత్సరము మార్చిలో జావా 8 వెలువడు వఱకు దీనికిఁ బొట్టిదారి లేదు. ఒక్క పనికై పేరులేని క్లాసు నొకదానిని నాలుగైదు పంక్తులలో వ్రాయవలసి వచ్చెడిది. ఇపుడు విద్యార్థుల పట్టికనుండి పేర్లు తీయుటకు "స్టూడెంట్::గెట్‌నేమ్" అనిన చాలును. దీనినే మెథడ్ రిఫరెన్సు అందురు.

ఒక్క చుక్కతో సరిపెట్టరాదా యని యొక బాలుఁడు మమ్మడిగెను. మంచి ప్రశ్నయే. జావాలో నొకే క్లాసునందు దాఁచిన విలువకును మెథడునకును ఒకే పేరుండవచ్చును. ఒక్క చుక్క పెట్టి కుండలీకరణములు మానినచో మనము కోరినది విలువయో పనియో తెలియదు. అందుచే వేఱొక గుర్తు కావలసెను. మొదట కొందఱు # గుర్తును సూచించిరి. జావా వివరణపత్రములలో మెథడును దెలుపుట కది యప్పటికే వాడుకలో నుండెను. తుదకు సీ ప్లస్ ప్లస్ భాషవారికి అలవాటైన నాలుగు చుక్కలే నిలిచినవి.

దీనినింకను పొట్టిచేసి, క్లాసు పేరు మాని, "::గెట్‌నేమ్" అని వ్రాయనిండని కోరువారు కలరు. పట్టికలో నున్నది విద్యార్థులని కంపైలరునకు ముందే తెలియును గదా యని వారి వాదము. కంపైలరునకుఁ దెలియుట నిజమే కావచ్చును. చదువువాని మాట యేమి? ఆ మెథడ్ పట్టికలోని విద్యార్థిదా, లేక మనము వ్రాయుచున్న క్లాసుదా? క్లాసు పేరున్నపుడే చిక్కులు కలవు: "ఇంటిజర్::టూస్ట్రింగ్" అని వ్రాసి ఇంటిజరును అక్షరములుగా మార్పఁబోయినచో, ఆ పేరుగల రెండు విధముల మెథడులును సరిపోవుటచేఁ గంపైలరు నిరాకరించును.

నిరుఁడు మేము వ్రాసిన మార్కుల ప్రోగ్రామును ఈ యేఁడు తెఱచిచూడఁగా, మేమే పెట్టిన పొట్టిపేర్లు దేనికిఁ జెందినవో వెదకుటకు ఒక పూట పట్టెను. కావున పట్టిక యెవరిదో ఆ పంక్తిలోనే కనుపించునెడల ఈ సంక్షేపమున కొప్పుకొందుము. కనుపింపనిచోట క్లాసు పేరును వ్రాయవలెననియే మా యభిప్రాయము.