టిష్యూకల్చర్ మల్బరీ: పురుగును చంపేది మొక్క కాదు

టిష్యూకల్చర్ మల్బరీ అనగానే ‘అది జన్యుమార్పిడి మొక్కట, ఆ ఆకు తింటే పట్టుపురుగులు చస్తాయట’ అనేస్తారు. శుద్ధ తప్పు. ఈ మాట నమ్మిన రైతు పదిహేనేళ్లదాకా ఆకునిచ్చే తోటను పీకేసుకుంటాడు. అసలు కారణం పక్క చేలో అలాగే ఉండి, తర్వాతి పంటనూ పొట్టన పెట్టుకుంటుంది.

టిష్యూకల్చర్‌లో జన్యువుల జోలికే పోరు. మేలైన మొక్క మొగ్గను తీసి, సీసాలో పోషకాలిచ్చి పిలకలు వేయిస్తారు. మనం తినే గ్రాండ్ నైన్ అరటి కూడా ఇలా పెంచిందే. ‘సింథటిక్ విత్తనం’ అనే గుళికలోనూ ఉండేది అలాంటి మొగ్గే. దాన్ని సోడియం ఆల్జినేట్‌లో కలిపి చుక్కగా కాల్షియం క్లోరైడ్ ద్రావణంలో వేస్తే చుట్టూ మెత్తని గుళిక కడుతుంది. ఆల్జినేట్ సముద్రపు నాచు నుంచి తీసేదే, ప్లాస్టిక్ కాదు. ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రంలో బాపట్, మాత్రే, రావు మల్బరీ మొగ్గలతో ఈ పని చేసి 1987లోనే ప్రచురించారు.

మరి పురుగులెందుకు చస్తాయి? ఖమ్మం జిల్లా తల్లాడ, కల్లూరు, వైరా వైపు ఎటు చూసినా పత్తి, మిరప. వాటికి కొట్టిన ఇమిడాక్లోప్రిడ్ పురుగుమందు గాలికి కొట్టుకొచ్చి మల్బరీ ఆకు మీద పడితే చాలు. పురుగు తల అటూఇటూ ఆడిస్తూ, పచ్చటి ద్రవం కక్కి, ఒళ్లు కుంచించుకుపోయి చస్తే అది మందు దెబ్బ. కణుపులు ఉబ్బి, చర్మం చిట్లి పాలలాంటి ద్రవం కారితే పాలరోగం. రెండింటిలోనూ మొక్క తప్పేమీ లేదు.

ఇక నాటే విషయానికొస్తే, పైన చెప్పిన గుళికలు నేరుగా చేలో చల్లితే తోట రాదు. పండులోని గింజ నాటితే తల్లి గుణం రాదు.

‘టిష్యూకల్చర్‌లో తేడా మొక్కలొస్తాయి’ అన్నదాంట్లో మాత్రం కొంత నిజముందని ఒప్పుకోవాలి. కణాల ముద్ద నుంచి పెంచితే అలా జరగొచ్చు. మొగ్గ నుంచి పెంచితే ఆ భయం చాలా తక్కువ. కొనేముందు ఏ పద్ధతిలో పెంచారో అడగండి. నీడలో అలవాటు చేయని మొక్క కొనకండి.

నిజానికి వి-1 మల్బరీ రకానికి టిష్యూకల్చర్ ఖర్చు అక్కర్లేదు. 6–8 నెలల కొమ్మను 3–4 కన్నులుండేలా కోసి నారుమడిలో పెడితే చక్కగా వేళ్లు పోస్తుంది. టిష్యూకల్చర్ సులువుగా వేళ్లు పోయని రకాలకు, కొత్త రకాన్ని త్వరగా పెంచడానికి. మీరు ఏ మొక్క పెట్టినా పక్క చేలో మందు ఎప్పుడు కొడతారో ముందే కనుక్కోండి. అనుమానమొస్తే కోసిన ఆకు ముందు కొన్ని పురుగులకే వేసి చూడండి, ఆ తర్వాతే తట్టలన్నింటికీ వేయండి.