గోలలో ఎలుకను కనిపెట్టే గుడ్లగూబ

దివిసీమలో వరి పొట్ట మీద ఉంది. రాత్రి పది గంటలు. చేలో చప్పుళ్ళకు లెక్కే లేదు. కప్పలు బెకబెకమంటున్నాయి. కీచురాళ్ళు ఆపకుండా అరుస్తున్నాయి. సముద్రపు గాలికి వరి ఆకులు రాసుకుంటున్నాయి. గుడివాడ వైపైతే చేపల చెరువుల మోటార్లు కూడా తోడు. ఈ గోలలో ఒక ఎలుక దుబ్బు కొరుకుతుంది. మనకు వినపడదు. గట్టు మీద కర్రపై కూర్చున్న గుడ్లగూబకు వినపడుతుంది!

ఎలా వినపడుతుంది?

పొలాల్లో ఎలుకలు పట్టడంలో తెల్ల గుడ్లగూబది పెద్ద చెయ్యి. దాని ముఖం తమలపాకులా ఉంటుంది. ముఖం చుట్టూ ఉన్న గట్టి ఈకలు చప్పుడును పోగుచేసి చెవుల్లోకి పంపుతాయి. సరిగా వినపడనప్పుడు మనం చెవి వెనక అరచెయ్యి పెట్టుకుంటాం కదా, అలాగన్నమాట.

దాని చెవులు ఈకల కింద దాగి ఉంటాయి. రెండూ ఒకే ఎత్తులో ఉండవు. ఎడమ చెవి కాస్త పైకి ఉండి కిందికి చూస్తుంది. కుడి చెవి కాస్త కిందికి ఉండి పైకి చూస్తుంది. కింది చప్పుడు ఎడమ చెవికి గట్టిగా వినపడుతుంది. పై చప్పుడు కుడి చెవికి గట్టిగా వినపడుతుంది. ఎలుక ఎంత కింద ఉందో దీన్నిబట్టి తెలుస్తుంది.

మరి కుడి పక్కనా, ఎడమ పక్కనా? ఎలుక కుడి పక్క ఉంటే చప్పుడు కుడి చెవికి ముందు చేరుతుంది. ఎంత ముందు? సెకనును వెయ్యి భాగాలు చేస్తే, అందులో ఒక భాగం కూడా ఉండదు. అంత చిన్న తేడాను దాని మెదడు పట్టుకుంటుంది.

రోజర్ పేన్ అనే అమెరికా శాస్త్రవేత్త దీన్ని పరీక్షించారు. కటిక చీకటి గదిలో గుడ్లగూబను వదిలారు. నేల మీద ఎండుటాకులు పరిచారు. కాగితం ఉండకు దారం కట్టి లాగారు. గుడ్లగూబ వచ్చి ఆ ఉండ మీదే పడింది. ఒక చెవి మూస్తే మాత్రం గురి తప్పింది.

తర్వాత 1978లో ఎరిక్ నుడ్‌సెన్, మసకాజు కొనిషి మెదడులోకి చూశారు. అక్కడ ఒక్కో నరాల కణానికి ఒక్కో దిక్కు ఉంది. ఊరి పటంలో ప్రతి చేనుకూ సర్వే నంబరు ఉన్నట్టే. ఏ చోట చప్పుడైతే ఆ చోటి కణం మేలుకుంటుంది.

కప్పల గోల అన్ని వైపుల నుంచీ కలగాపులగంగా వస్తుంది. చెవుల మధ్య తేడా నిలకడగా ఉండదు. అందుకని ఏ కణమూ గట్టిగా మేలుకోదు. ఎలుక గరగర మాత్రం ఒకే చోటి నుంచి వస్తుంది. తేడా నిలకడగా ఉంటుంది. ఆ చోటి కణం గట్టిగా మేలుకుంటుంది.

రెండు మూడు చోట్ల ఒకేసారి చప్పుడైతే? మెదడులో కొన్ని కణాల పని మిగతావాటి నోరు నొక్కడమే. గట్టి చప్పుడు గెలుస్తుంది, మిగతావి సద్దుమణుగుతాయి. ఈ కణాలు పనిచేయకపోతే అలా అణచడం కుదరదని శ్రీశ్ మైసూర్, నుడ్‌సెన్ 2013లో చూపించారు. ఇంత ఏర్పాటు ఉన్నా, గోల మరీ మించితే గుడ్లగూబకూ కష్టమే.

దాని రెక్కల అంచులు దువ్వెనలా, మెత్తగా ఉంటాయి. ఎగిరితే చప్పుడు రాదు. ఎలుకకు తెలియదు, తన చెవులకూ అడ్డు రాదు.

ఇలాంటి పిట్ట అరిస్తే చావు వస్తుందని కొందరు రాళ్ళు వేస్తారు. అది అరిచేది తన జతను పిలవడానికో, బెదిరించడానికో. గుడ్లగూబల్ని చంపడం, అమ్మడం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం.

రైతు చేయగలిగింది ఉంది. చేలో అక్కడక్కడ టీ ఆకారపు కర్రలు పాతాలి. అవి దానికి కూర్చునే చోటు. ఎలుక మందు సంగతిలో మాత్రం జాగ్రత్త. బ్రోమోడయోలోన్ తిన్న ఎలుక వెంటనే చావదు. కొన్ని రోజులు మందకొడిగా తిరుగుతుంది. దాన్ని పట్టడం గుడ్లగూబకు తేలిక. ఆ మందు గుడ్లగూబ ఒంట్లోకీ పోతుంది. అందుకే మందు పెట్టిన చేలో చచ్చిన ఎలుకల్ని రోజూ ఏరి, లోతుగా పాతిపెట్టాలి.