ఎండతో పందెం: మస్కట్ క్లాసిక్ వెనుక ఉన్న ఉష్ణశాస్త్రం

2023 ఫిబ్రవరి 10వ తేదీ శుక్రవారం నాడు మస్కట్ నగరపు పడమటి తీరాన ఉన్న అల్ మౌజ్ నుంచి వృత్తి క్రీడాకారుల దండు ఒకటి సైకిళ్లపై బయలుదేరింది. నూటడెబ్బై కిలోమీటర్లకు పైగా సాగిన పరుగు, కొండలు సముద్రపు అంచుదాకా చొచ్చుకువచ్చే అల్ బుస్తాన్ వద్ద ముగిసింది. బెల్జియం దేశీయుడు యెంతే బీర్మన్స్ విజేతగా నిలిచాడు. 'మస్కట్ క్లాసిక్' అనే ఒకరోజు పందేనికి అది ఆరంభం. 2024లో న్యూజిలాండు యువకుడు ఫిన్ ఫిషర్-బ్లాక్ గెలిచాడు.

ఒమాన్ దేశానికి సైకిలు పందేలు కొత్త కావు. అనేక దినాలపాటు సాగే 'టూర్ ఆఫ్ ఒమాన్' 2010లోనే మొదలైంది. మస్కట్ క్లాసిక్ దానికి ముందురోజు జరిగే పందెం. అయితే ఈ రెండింటి స్వభావం వేరు. దినాల తరబడి సాగే పందెంలో కాలాలను కూడి విజేతను నిర్ణయిస్తారు కనుక ఒకనాడు కొంత వెనుకబడినా మరునాడు పూడ్చుకునే అవకాశం ఉన్నది. ఒకరోజు పందెంలో ఆ వెసులుబాటు లేదు. గెలుపు కోరినవాడు ఉన్న శక్తినంతా ఆ కొద్ది గంటలలోనే ఖర్చుచేయాలి. ఆ శక్తిలో అధికభాగం చక్రాలకు చేరదు, వేడిగా మారుతుంది. ఆ వేడి ఎక్కడికి పోతుందన్నదే ఎడారి నగరంలో జరిగే ఈ పందేనికి అసలు ప్రశ్న.

ముందుగా గాలి సంగతి చూద్దాం. చదునైన బాటపై వేగంగా పోయే సైకిలుకు ప్రధాన శత్రువు గాలి నిరోధమే. వేగం రెట్టింపు అయితే ఆ నిరోధాన్ని అధిగమించడానికి కావలసిన సామర్థ్యం ఎనిమిది రెట్లవుతుంది. అందువల్లనే పందెగాళ్లు గుంపుగా, ఒకరి వెనుక ఒకరు దాగి పోతారు. బెర్ట్ బ్లోకెన్ అనే శాస్త్రజ్ఞుడు తన సహచరులతో కలిసి 121 మంది గుంపుపై జరిపిన పరిశోధన ఫలితాలు 2018లో వెలువడ్డాయి. ఒంటరిగా పోయేవాడు ఎదుర్కొనే నిరోధంలో నూటికి 5 నుంచి 10 వంతులు మాత్రమే గుంపు నడుమ ఉన్నవాడికి తగులుతుందని అందులో తేలింది. శ్రమ తగ్గించే ఈ ఏర్పాటులోనే ఒక చిక్కు కూడా ఉన్నది. గాలి తగలకపోతే చెమట ఆరదు.

చెమట ఆరకపోతే ఏమవుతుందో చిన్న లెక్కతో తెలుసుకోవచ్చు. ఒక క్రీడాకారుడు పెడళ్లపై 300 వాట్ల సామర్థ్యం చూపుతున్నాడనుకుందాం. మానవ కండరాల దక్షత నూటికి 25 వంతులకు మించదు. అనగా అతని దేహంలో 1200 వాట్ల శక్తి విడుదల అవుతుంటే అందులో 900 వాట్లు ఉష్ణమే. ఒక ఇస్త్రీపెట్టెను కడుపులో పెట్టుకుని సైకిలు తొక్కుతున్నట్లే. ఆ వేడికి బయటికి పోయే దారి లేకపోతే 70 కిలోల దేహం ఉష్ణోగ్రత సుమారు నాలుగున్నర నిమిషాలకు ఒక డిగ్రీ చొప్పున పెరుగుతుంది. పావుగంటలో 40 డిగ్రీల జ్వరం వచ్చినట్లవుతుంది. మన ఊళ్లలో వడదెబ్బ అని మనం చెప్పుకునే ప్రమాదానికి ద్వారం అదే.

ఈ ఉపద్రవాన్ని ఆపేది చెమట ఒక్కటే. ఒక లీటరు చెమట చర్మంపై ఆవిరి కావడానికి సుమారు 2400 కిలోజౌళ్ల ఉష్ణాన్ని తనతో తీసుకుపోతుంది. పై లెక్క ప్రకారం గంటకు దాదాపు ఒకటిన్నర లీటరు చెమట ఆవిరి కావాలి. ఆవిరి కావాలన్నమాట ముఖ్యం. చుక్కలుగా నేల రాలిన చెమట నీటినీ ఉప్పునూ పోగొడుతుంది గాని దేహాన్ని చల్లబరచదు. వేసవిలో రాయలసీమలో మట్టికుండలోని నీరు చల్లబడినంతగా మచిలీపట్నంలోనో కాకినాడలోనో చల్లబడకపోవడానికి కారణం ఇదే. కుండ అదే, మట్టి అదే. కాని కోస్తా గాలిలో తేమ నిండి ఉంటే కుండపై నీటికి ఆవిరయ్యే చోటు దొరకదు. మస్కట్ కూడా తీరనగరమే. కుండకు వర్తించిన న్యాయం చర్మానికీ వర్తిస్తుంది.

ఫిబ్రవరి మాసాన్ని ఎంచుకోవడంలో నిర్వాహకుల వివేకం ఇక్కడ తెలుస్తుంది. ఆ నెలలో మస్కట్ పగటి ఉష్ణోగ్రత సాధారణంగా 25 డిగ్రీలకు కొంచెం అటూ ఇటూగా ఉంటుంది. చర్మపు ఉష్ణోగ్రత సుమారు 35 డిగ్రీలు కనుక వీచే గాలే కొంత వేడిని మోసుకుపోతుంది. గాలి 40 డిగ్రీలకు చేరితే వ్యవహారం తలకిందులవుతుంది. ఎదురుగాలి చల్లబరచడానికి బదులు దేహానికి వేడిని చేరుస్తుంది. వేసవిలో ఈ ప్రాంతం ఎలా ఉంటుందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. మస్కట్‌కు ఆగ్నేయాన, టూర్ ఆఫ్ ఒమాన్ దారిలో తరచు వచ్చే ఖురియాత్ పట్టణంలో 2018 జూన్ చివరివారంలో ఒక రోజంతా, రాత్రితో సహా, ఉష్ణోగ్రత 42.6 డిగ్రీలకంటే దిగువకు రాలేదు.

నగరపు నేల కూడా ఈ విషయంలో సహకరించదు. మత్రా, రువి ప్రాంతాల చుట్టూ కనిపించే ముదురు గోధుమరంగు కొండలు ఒకప్పుడు సముద్రగర్భం కింద ఉన్న శిలలు. దాదాపు 9 కోట్ల సంవత్సరాల పూర్వం భూమిపైకి నెట్టబడిన ఈ 'సమాయిల్' శిలాసముదాయం ప్రపంచంలో ఈ జాతి శిలలలో అతి పెద్దది. ఇందులోని పెరిడొటైట్ శిల గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని తెల్లని కార్బనేటు చారలుగా మార్చుకుంటుంది. రసాయన శాస్త్రజ్ఞులకు అదొక తీర్థస్థలం. అల్ జిస్సా, అల్ హమ్రియా ఎగుడు దారులలో రొప్పుతూ పోయే సైకిలు వీరునికి మాత్రం అవి వేడిని మింగి తిరిగి కక్కే నల్లని గోడలు. ఎక్కుడులో వేగం తగ్గుతుంది, గాలి తగ్గుతుంది, శ్రమ పెరుగుతుంది. ఉష్ణశాస్త్రం దృష్ట్యా ఇంతకంటే ప్రతికూలమైన చోటు లేదు.

ఎక్కినవాడు దిగాలి గదా! దిగేటప్పుడు వేడి దేహాన్ని వదలి యంత్రాన్ని పట్టుకుంటుంది. సైకిలు, మనిషి కలిసి 80 కిలోలు అనుకుంటే, గంటకు 72 కిలోమీటర్ల వేగాన్ని మలుపు వద్ద 36కు తగ్గించడంలో 12,000 జౌళ్ల గతిజశక్తి బ్రేకుల వద్ద ఉష్ణంగా మారుతుంది. చక్రపు అంచును పట్టే పాతరకం బ్రేకులైతే ఆ వేడి నేరుగా రిమ్ములోకి పోతుంది. అల్యూమినియం రిమ్ము అయితే వేడి త్వరగా లోహమంతటా పరచుకుని గాలిలో కలుస్తుంది. కార్బన్ నారను రెజినుతో అతికి చేసిన తేలిక రిమ్ములో ఆ సౌకర్యం లేదు. రెజిను మంచి ఉష్ణబంధకం కనుక వేడి బ్రేకు తాకిన చోటనే నిలిచిపోతుంది. వరుసగా మలుపులు వస్తే అక్కడ 150 డిగ్రీలు దాటడం కద్దు.

వేడి రిమ్ముపై టైరు పేలడానికి గాలి వ్యాకోచమే కారణమని చాలామంది భావిస్తారు. మధ్యాహ్నపు ఎండలో నిలిపిన సైకిలు ట్యూబు ఢామ్మని పేలినప్పుడు, గాలి కాస్త తక్కువ కొట్టించి ఉండవలసిందని ఊరి సైకిలు షాపువాడు మందలించడం అందరికీ తెలిసినదే. ఆ మాటలో నిజం ఉన్నది గాని అది పూర్తి నిజం కాదు. వాతావరణ పీడనానికి ఎనిమిది రెట్ల గాలి కొట్టిన పందెపు టైరు 25 డిగ్రీల నుంచి 85 డిగ్రీలకు చేరితే, లోపలి పీడనం ఎనిమిది నుంచి పదికి లోపుగా మాత్రమే పెరుగుతుంది. మంచి టైరు ఆ పెరుగుదలను ఓర్చుకోగలదు. ఓర్చుకోలేనివి పదార్థాలు. పందెపు టైర్లలో ఒక జాతిని రిమ్ముకు జిగురుతో అతికిస్తారు. గంధకం కలిపి వల్కనీకరణం చేసిన టైరు రబ్బరులో అణుశృంఖలాలు అడ్డుకట్లతో బిగిసి ఉంటాయి. అందువల్ల అది కరగదు. జిగురులో ఆ అడ్డుకట్లు ఉండవు. వేడి తగిలితే అది వేసవిలో తారురోడ్డు వలె మెత్తబడి, టైరును పక్కకు జారనిస్తుంది. లోపలి పలుచని ట్యూబు కూడా వేడికి బలహీనపడి, పెరిగిన పీడనానికి లొంగుతుంది. పీడనం తోసేది మాత్రమే, దారి ఇచ్చేది మెత్తబడిన పదార్థం.

ఇవన్నీ కాగితపు లెక్కలు కావని 2015 ఫిబ్రవరి 21న తేలింది. ఆనాడు టూర్ ఆఫ్ ఒమాన్ ఐదవ దినం. ఇసుక తుఫాను వల్ల దారిని కుదించి, మస్కట్ పరిసరాలనుంచి పందేన్ని ఆరంభించారు. ఇసుక పోయి ఎండ వచ్చింది. ఫిబ్రవరికి అసాధారణంగా వేడి నలభై డిగ్రీల పరిసరాలకు చేరింది. బౌషర్ - అల్ అమరాత్ కొండదారి దిగుడులో టైర్లు పేలసాగాయి. గంటకు 70, 80 కిలోమీటర్ల వేగంతో దిగేవాడి ముందు చక్రం పేలితే ఏమవుతుందో వివరించనక్కరలేదు. పందెగాళ్లు ఒక రహదారి వంతెన నీడలో ఆగిపోయారు. ఫాబియాన్ కాంచెల్లారా, టామ్ బూనెన్ వంటి పెద్దలు వారి పక్షాన మాట్లాడారు. నిర్వాహకులలో ఒకరు, టూర్ డి ఫ్రాన్స్‌ను అయిదుసార్లు గెలిచిన ఎడీ మెర్క్స్, పందెం సాగాలనే అభిప్రాయంతో వాదించారు. చివరకు ఆనాటి పందెం రద్దయింది. మరునాడు మత్రా తీరపు బాటపై చివరి అంకం యథావిధిగా జరిగింది.

మెర్క్స్ తరంలో మంచైనా ఎండైనా ఓర్చుకోవడమే క్రీడాధర్మం. ఆయన ఆగ్రహం అర్థం చేసుకోదగినదే. కాని ఓర్పు అనేది కండరాలకూ మనస్సుకూ సంబంధించిన గుణం, జిగురుకు సంబంధించినది కాదు. వంతెన కింద నిలిచినవారే ఆనాడు సరిగా లెక్కకట్టారని చెప్పాలి.

అంతకు రెండు సంవత్సరాల ముందు, 2013లో మిలాన్ - శాన్ రెమో ఒకరోజు పందెంలో మంచు కురిసి పందెగాళ్లను కొంతదూరం బస్సులలో తరలించవలసి వచ్చింది. ఇటువంటి అనుభవాల దరిమిలా అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 2016 నుంచి ప్రతికూల వాతావరణ నియమావళిని అమలులోకి తెచ్చింది. విపరీతమైన ఉష్ణోగ్రత, మంచు, పెనుగాలి వంటివి ఎదురైనప్పుడు పందెగాళ్ల, జట్ల, నిర్వాహకుల ప్రతినిధులు కూర్చుని బయలుదేరే వేళనో దారినో మార్చవచ్చు, పందేన్నే రద్దుచేయవచ్చు. యంత్రం కూడా మారింది. 2018 మధ్యనుంచి రోడ్డు పందేలలో డిస్కు బ్రేకులకు పూర్తి అనుమతి లభించింది. వీటిలో ఘర్షణ చక్రపు ఇరుసు వద్ద ఉన్న ఉక్కు బిళ్లపై జరుగుతుంది కనుక ఆ వేడికి టైరుతో పనిలేదు.

దేహానికి మాత్రం డిస్కు బ్రేకు లేదు. అందుకు సమాఖ్య తరువాతి సంవత్సరాలలో మరొక కొలమానాన్ని చేపట్టింది. దానిని తడిబల్బు - గోళ ఉష్ణోగ్రత అనవచ్చు. తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకం చూపిన అంకెలో పదింట ఏడు వంతులు, ఎండలో ఉంచిన నల్లని గోళం చూపిన అంకెలో రెండు వంతులు, మామూలు ఉష్ణోగ్రతలో ఒక వంతు కలిపితే ఈ కొలత వస్తుంది. తేమకు ఇంత పెద్దపీట వేయడంలోనే దీని విజ్ఞత ఉన్నది. తడిబల్బు 24, గోళం 45, గాలి 35 డిగ్రీలు ఉన్న రోజున ఈ కొలత 29.3 వస్తుంది. 28 దాటితే సమాఖ్య లెక్కలో అది ఎర్రమండలం. కాని 35 డిగ్రీలంటే మస్కట్ వాసికి చల్లని సాయంత్రమే!

ఈ కొలమానం క్రీడల కోసం పుట్టినది కాదు. 1950 దశకంలో అమెరికా సైనిక శిబిరాలలో శిక్షణ పొందే యువకులు వడదెబ్బకు కూలిపోతుంటే దీనిని రూపొందించారు. ఈనాడు ఇది అందరికంటే ఎక్కువగా అవసరమైనవారు పందెం సాగే ఆ బాటలనే వేసినవారు. వారిలో మన తెలుగు జిల్లాలనుంచి వచ్చిన శ్రామికులూ ఉన్నారు. ఒమాన్‌లో జూన్ నుంచి ఆగస్టు వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3.30 దాకా ఆరుబయట పని ఆపాలన్న నిబంధన ఉన్నది. అది మేలైన నిబంధనే. అయితే అది గడియారాన్ని చూస్తుంది, తేమను చూడదు. ఆగస్టు ఉదయం పది గంటలకు సముద్రపు గాలి తేమతో బరువెక్కినప్పుడు తడిబల్బు చెప్పే అంకె, పొడిగాలి వీచే మధ్యాహ్నపు అంకెను మించిపోవచ్చు. అప్పుడు కార్మికుని చొక్కాపై చెమట కారుతుంది గాని ఆరదు. తడిగుడ్డ, నల్లగోళం, రెండు మూడు ఉష్ణమాపకాలు, వాటిని నిలబెట్టడానికి ఒక ముక్కాలి ఉంటే ఆ కొలత తీయవచ్చు. పందెం నాడు బాట పక్కన నిలిపే ఆ ముక్కాలిని బాట వేసే స్థలంలో నిలపడానికి సాంకేతికంగా అడ్డంకి ఏదీ లేదు.