రోధక వర్ణపటశాస్త్రం

రోధక వర్ణపటశాస్త్రం అనగా ఒక పదార్థాన్ని ఏకాంతర విద్యుత్ క్షేత్రంలో ఉంచి, ఆ క్షేత్రపు పౌనఃపున్యాన్ని మారుస్తూ, పదార్థం ఎంత ధ్రువణం చెందుతున్నదో, ఎంత శక్తిని ఉష్ణంగా మారుస్తున్నదో కొలిచే పద్ధతి. ఆంగ్ల వ్యవహారంలో దీనిని డైఎలక్ట్రిక్ స్పెక్ట్రోస్కోపీ అంటారు. పదార్థంలోని అణువులు తిరగడానికి, అయానులు కదలడానికి ఎంత కాలం పడుతుందో దీని ద్వారా తెలుసుకోవచ్చు. రోధకం, నిరోధకం అనే మాటలను విద్యార్థులు తరచు కలగలుపుతుంటారు. విద్యుత్తును తన గుండా సులభంగా పోనివ్వక, క్షేత్రంలో ధ్రువణం చెందే పదార్థం రోధకం. వలయంలో ప్రవాహాన్ని తగ్గించే పరికరం నిరోధకం.

సడలింపు

నీటి అణువులో ఆక్సిజన్ వైపు కొంత ఋణావేశం, హైడ్రోజన్ల వైపు కొంత ధనావేశం ఉంటాయి. ఇటువంటి అణువును ద్విధ్రువం అంటారు. క్షేత్రం లేనప్పుడు ద్విధ్రువాలు తలొక దిక్కుకు తిరిగి ఉంటాయి. క్షేత్రాన్ని ప్రయోగిస్తే ఆ దిక్కుకు స్వల్పంగా మొగ్గుతాయి. తొలగిస్తే ఉష్ణచలనం వల్ల మళ్ళీ చెదిరిపోతాయి. ఇలా సమతాస్థితికి తిరిగివచ్చే ప్రక్రియను సడలింపు అని, ఆ మొగ్గు తొలి విలువలో సుమారు 37 శాతానికి తగ్గడానికి పట్టే కాలాన్ని సడలింపు కాలం అని అంటారు.

పాఠశాల మైదానంలో జరిగే డ్రిల్లును ఇక్కడ ఉదాహరణగా తీసుకోవచ్చు. ఉపాధ్యాయుడు "కుడికి తిరుగు, ఎడమకు తిరుగు" అని నిదానంగా చెబితే పిల్లలందరూ ఆజ్ఞ ప్రకారం తిరుగుతారు. వేగం పెంచితే వెనుకబడి, ఒకరినొకరు తగులుకుంటూ బాగా అలసిపోతారు. మరీ వేగంగా చెబితే తిరగడం మానుకొని నిలబడిపోతారు. ద్విధ్రువాలూ అంతే. తక్కువ పౌనఃపున్యం వద్ద రోధక స్థిరాంకం ఎక్కువగా ఉంటుంది. చాలా ఎక్కువ పౌనఃపున్యం వద్ద పడిపోతుంది. నడుమ, వెనుకబాటు ఉన్నచోట, శక్తి నష్టం గరిష్ఠమై రేఖాచిత్రంలో ఒక శిఖరం కనబడుతుంది. అయితే అణువులు పిల్లల వలె ఒక్కసారిగా తిరగవని, సగటు మొగ్గు మాత్రమే మారుతుందని గుర్తుంచుకోవాలి.

నష్ట శిఖరం ఉన్న పౌనఃపున్యాన్ని 6.28తో గుణించి, 1ని ఆ లబ్ధంతో భాగిస్తే సడలింపు కాలం వస్తుంది. ఈ సిద్ధాంతాన్ని డచ్ శాస్త్రవేత్త పీటర్ డిబై 1913లో ప్రతిపాదించాడు. ఆయనకు 1936లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

నీరు, మంచుగడ్డ

25 డిగ్రీల సెల్సియస్ వద్ద నీటి రోధక స్థిరాంకం సుమారు 78. నష్ట శిఖరం 19 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది. అనగా సడలింపు కాలం 8 పికోసెకన్లకు కాస్త ఎక్కువ. మైక్రోవేవ్ పొయ్యిలో వాడే 2.45 గిగాహెర్ట్జ్ నీటి అణువుల అనునాద పౌనఃపున్యమని కొన్ని పుస్తకాలలో సైతం కనబడుతుంది. ఇది పొరపాటు. ద్రవ నీటిలో ఆ పౌనఃపున్యం వద్ద అనునాదమే లేదు. ఉన్నది సడలింపు శిఖరపు వాలు మాత్రమే. శిఖరం దగ్గరి పౌనఃపున్యాన్నే వాడితే తరంగాలు ఆహారపు పైపొరలోనే శోషింపబడి, లోపలి భాగానికి చేరేవి కావు.

అదే నీరు గడ్డకడితే పరిస్థితి పూర్తిగా మారుతుంది. మంచుగడ్డలో ప్రతి అణువు పొరుగున ఉన్న నాలుగు అణువులతో హైడ్రోజన్ బంధాలతో కట్టుబడి ఉంటుంది. స్ఫటికంలోని లోపం తన వద్దకు చేరినప్పుడే అణువుకు తిరిగే అవకాశం కలుగుతుంది. అందువల్ల 0 డిగ్రీల దగ్గర మంచు శిఖరం కొన్ని వేల హెర్ట్జ్‌ల వద్దనే ఉంటుంది. అణువు ఒకటే అయినా సడలింపు కాలం ఇరవై లక్షల రెట్లకు పైగా పెరిగిందన్నమాట! గడ్డకట్టిన ఆహారాన్ని మైక్రోవేవ్ పొయ్యిలో ఉంచితే ఒక మూల ఉడుకుతుండగా మరో మూల గడ్డగానే ఉండడానికి ఇదే కారణం. మంచు ఆ తరంగాలను దాదాపు శోషించదు. ముందుగా కరిగిన చోటు మాత్రం విశేషంగా శోషించి ఇంకా వేడెక్కుతుంది. కరిగించే అమరికలో పొయ్యి ఆగి ఆగి పనిచేసేది, ఈ వ్యవధిలో వేడి అంతటా సర్దుకోవడానికే.

డిబై నమూనాకు లొంగని పదార్థాలు

నీటి శిఖరం డిబై చెప్పిన ఆకారానికి దగ్గరగా ఉంటుంది. పాలిమర్లు, గాజు వంటి పదార్థాలలో శిఖరం వెడల్పుగానో, ఒకవైపు సాగినట్లుగానో ఉంటుంది. ఇందుకు కోల్ సోదరులు 1941లో ఒక సమీకరణాన్ని ఇచ్చారు. తరువాత మరికొన్ని వచ్చాయి. అదనపు స్థిరాంకాలు చేర్చేకొద్దీ దాదాపు ప్రతి వక్రరేఖా సమీకరణానికి సరిపోతుంది కాబట్టి, సరిపోయినంత మాత్రాన కారణం తెలిసినట్లు కాదు. గ్లిసరాల్ సడలింపు కాలం గది ఉష్ణోగ్రత వద్ద నానోసెకన్ల స్థాయిలో ఉండి, సుమారు −83 డిగ్రీల వద్ద, గాజు స్థితికి మారేచోట, వంద సెకన్ల స్థాయికి చేరుతుంది.

శిఖరం ఎవరిది?

కొలతలో కనబడే ప్రతి శిఖరం అణువులది కాదు. తక్కువ పౌనఃపున్యాల వద్ద అయానులు ఎలక్ట్రోడుల దగ్గర పోగుపడి, రోధక స్థిరాంకాన్ని వేల రెట్లు పెంచి చూపగలవు. వేర్వేరు వాహకత గల పొరల సరిహద్దులలో ఆవేశం చేరినా ఇటువంటి ఫలితమే వస్తుంది.

ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ కాల్షియం కాపర్ టైటనేట్. ఈ పింగాణీ పదార్థపు రోధక స్థిరాంకం గది ఉష్ణోగ్రత వద్ద 10,000 స్థాయిలో ఉన్నదని 2000లో వెల్లడికాగా, అతి చిన్న కెపాసిటర్లు చేయవచ్చని ఆశలు పెరిగాయి. కానీ 100 కెల్విన్‌ల దిగువన అది సుమారు 100కు పడిపోయింది, స్ఫటిక నిర్మాణంలో మార్పేమీ లేకుండానే. 2002లో సింక్లెయిర్, వెస్ట్ ప్రభృతులు ఇంపిడెన్స్ కొలతలతో దీనిని పరిశీలించి, రేణువుల లోపలి భాగం అర్ధవాహకమని, రేణువుల సరిహద్దులు మాత్రం పలుచని బంధక పొరలని చూపారు. ఆ పెద్ద విలువ ప్రధానంగా ఆ సరిహద్దులదే.

కాబట్టి ప్రయోగశాలలో నమూనా మందాన్ని, ఎలక్ట్రోడు లోహాన్ని మార్చి కొలతను తిరిగి చేస్తారు. ఎలక్ట్రోడుల వల్ల ఏర్పడిన శిఖరమైతే స్థానం మారుతుంది. పదార్థానిదే అయితే కదలదు. రేణువుల సరిహద్దుల విషయంలో ఈ పరీక్ష ఒక్కటే చాలదు, రేణు పరిమాణాన్ని కూడా మార్చి చూడవలసి ఉంటుంది.