మీకు తెలుసా? బడి కంప్యూటర్ మళ్లీ మోగుతోంది!

1984లో కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ పథకం కింద బడులకు పంపిన కంప్యూటర్ బ్రిటన్‌లో పుట్టిన బీబీసీ మైక్రో.

దాని మెమరీ మొత్తం 32 కేబీ! రంగుల బొమ్మలు గీయబోతే అందులో 20 కేబీ దాకా తెరకే పోయేది. మిగిలిన కాస్తలోనే పిల్లలు బేసిక్ ప్రోగ్రాములు ఇరికించాలి, అదే వాళ్లకు అసలైన పాఠం.

ఇప్పుడా యంత్రం దొరక్కపోయినా బెంగ లేదు. ‘బీబ్ఎమ్’ అనే ఉచిత ఎమ్యులేటర్‌ను డెస్క్‌టాప్‌లో వేసుకుంటే ఆ యంత్రంలోని 6502 ప్రాసెసర్ చేసే పనంతా అదే చేసి చూపిస్తుంది, అదీ ఆనాటి 2 మెగాహెర్ట్జ్ వేగంతోనే. తెరవగానే రెండు స్వరాల పాత బీప్! నల్లటి తెరపై తెల్లటి అక్షరాలు, కింద మిణుకుమనే కర్సర్. నాటి ‘బ్రేక్’ మీటకు బదులు ఎఫ్12 నొక్కాలి.