చేతనున్న విద్యను నోటికి తెచ్చుట

మోటారు బాగుచేయుట వేఱు, బాగుచేయుట నేర్పుట వేఱు. ఈ రెంటి నడుమ నెంత దూరమున్నదో వంటింట మెలగు సోదరీమణులకు మేము చెప్పనక్కఱలేదు. పప్పులో నుప్పెంతయని కూతు రడిగిన "తగినంత" యందుము. అది చేతికి తెలియును గాని నోటికి తెలియదు. ఇరువదియేండ్లు షెడ్డులో పానా పట్టినవానిని బోల్టు నెంత బిగింపవలెనని శిష్యు డడిగినను వచ్చు నుత్తర మిదియే.

ఇంజను సిలిండరు హెడ్డును బిగించుటయే చూడుడు. పనివాడు నడిమి బోల్టులతో మొదలిడి వెలుపలికి, ఒక్కసారిగా గాక విడతలుగా బిగించుచు పోవును. ఏలయన్న "మా గురువట్లే చేసెను" అనును. ఒక కొననుండి బిగించిన హెడ్డు వంగవచ్చుననియు, గ్యాస్కెట్టుపై నొత్తిడి సమముగా బడక నీరును, మండిన వాయువులును దారి తప్పుననియు, అందుకే బిగింపు కొలత గ్రంథములో ముద్రించియుందురనియు విడమరచి చెప్పగలిగిననాడు గదా యాతడు ఉపాధ్యాయుడు!

మన దేశమున చేతిపనివారి శిక్షణ పథకము 1950లో వెలసినది. ఐ.టి.ఐ.లలో మోటారు వాహన మెకానిక్కు చదువు రెండేండ్లది. అచ్చట బోధింపగోరువారికి ఏడాది బోధకశిక్షణ కలదు. అందు వృత్తితోపాటు పాఠము సిద్ధపఱచుట, శిష్యుల పరీక్షించుట కూడ నేర్పుదురు. షెడ్డులోనే నేర్చి పత్రము లేనివారు ముందుగా నది సంపాదించుకొనవలెను.

ఆ యేడాదియే గృహిణికి గండము. రాబడి యాగును, ఇంటియద్దె, పిల్లల జీతములు ఆగవు. మా వీథి నొక యిల్లాలు, బండ్లక్రింద పరుండి పరుండి భర్త నడుము చెడుట గమనించి, రెండేండ్లు చీటీ కట్టి, ఆ సొమ్ము చేతబడిన పిమ్మటనే యాయనను శిక్షణకు పంపినది. నలుబదియేండ్ల వానికి బడియేమని బంధువులు నవ్విరి. మాకు మాత్రము గృహనిర్వహణ మన నదియే యని తోచినది. ఉపాధ్యాయుని యింట కాపురము చేయువారము గనుక నొకమాట: మొదటి జీతము షెడ్డు రాబడికన్న తక్కువ కావచ్చును, కొలువు తాత్కాలికమే కావచ్చును. లెక్క ముందే చూచుకొనుడు.

శిష్యుడు తడబడగానే పానా లాగికొని తానే పని ముగించుట షెడ్డువారికి వెన్నతో బెట్టిన విద్య. గిరాకీ వేచియున్నచోట నది యొప్పును, బడిలో నొప్పదు. చేతులు వెనుకకు కట్టుకొని నిలువ నేర్వవలెను. జాకీ నొక్కదానినే నమ్మి, స్టాండులు పెట్టక కుఱ్ఱవాడు బండిక్రిందికి దూరునప్పుడు మాత్రము రెక్కపట్టి లాగవలసినదే.

క్రొత్త చదువును తప్పదు. 2020 ఏప్రిలు 1 నుండి బి.ఎస్. 6 నిబంధనలు వచ్చినపిమ్మట బండ్లలో సెన్సార్లు పెరిగినవి. చెవియొగ్గి జబ్బు కనిపెట్టువారికి స్కానరు చదువుటయు రావలెను.

ఆ యింటాయన యిప్పుడు రాత్రులు మఱునాటి పాఠమును భార్య యెదుట చెప్పి చూచుకొనును. ఆమె తెలియలేదన్నచోట గీత గీసి మరల వ్రాసికొనును. బ్రేకు ద్రవము గాలిలోని తేమను పీల్చుననియు, అందుచే తక్కువ వేడికే మరుగుననియు మాకు చెప్పినది ఆమెయే.