కాన్పు గదిలో తోడు ఎవరు?

కాన్పు అంటే ఆడదానికి మరో జన్మ అంటారు. ఆ సమయంలో తోడు కావాలి.

తొలి కాన్పు పుట్టింట్లో చేయడం ఆనవాయితీ. కానీ బోరబండ లాంటి బస్తీల్లో పని కోసం ఊరు విడిచి వచ్చినవాళ్లు ఎందరో ఉన్నారు. తల్లి ఊళ్లో ఉంటుంది. దగ్గరుండేది అత్త. మరి కాన్పు గదిలోకి అత్త రావాలా, వద్దా?

ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పప్పుడు తోడుగా ఒక ఆడమనిషిని ఉండనివ్వాలని 2016లో కేంద్ర ప్రభుత్వం చెప్పింది. ఆమె బిడ్డను కన్న తల్లి అయితే మంచిది. అంటురోగం ఉండకూడదు. శుభ్రమైన బట్టలు కట్టుకోవాలి. డాక్టరు, నర్సుల పనికి అడ్డు రాకూడదు.

మంచి తోడు ఉంటే నొప్పులు పడే సమయం తగ్గుతుంది. ఆపరేషన్లూ తగ్గుతాయి. ఇది పరిశోధనల్లో తేలిన మాట.

కానీ తోడు ధైర్యం ఇవ్వాలి. "అరవకు", "మగపిల్లాడే పుట్టాలి" అంటే అది తోడు కాదు, భయం.

నొప్పులు పడేది కోడలు. ఎవరుండాలో చెప్పాల్సిందీ ఆమే. అత్త ఉంటే ధైర్యమా? అత్తనే పిలవాలి. బిడియమా? అక్కనో, వదిననో పిలవాలి. "అత్తమ్మా, లోపలికి అక్క వస్తది. మీరు బయట ఉండి బిడ్డను ఎత్తుకోండి" అని మెల్లగా చెప్పొచ్చు. ఇందులో అత్తకు చిన్నతనం లేదు.

నొప్పులు వచ్చాక వాదులాట వద్దు. ఏడో నెలలోనే ఇంట్లో తేల్చుకోవాలి. ఆశా కార్యకర్తకూ చెప్పాలి.